ఎవరి వయసుకు తగిన వాల్వు?

గుండె వాల్వు మార్చాలని తేలాక డాక్టరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మెటల్ వాల్వు పెట్టమంటారా, టిష్యూ వాల్వు పెట్టమంటారా?" మెటల్‌ది దాదాపు అరగదు. కానీ దానిమీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్లూ మందు వేసుకోవాలి. ఆ మందు ఎక్కువా తక్కువా కాకుండా పీటీ-ఐఎన్ఆర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. జంతు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వుకు ఆ బెడద చాలావరకు ఉండదు. కాకపోతే పదేళ్లకో పదిహేనేళ్లకో అది బిగుసుకుపోవచ్చు, చిరిగిపోవచ్చు, మళ్లీ ఛాతీ తెరవాల్సి రావచ్చు. ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "మీరే చెప్పండి సార్" అంటారు. అరవయ్యేళ్లకు పైగా ఇంజినీర్లూ రసాయన శాస్త్రవేత్తలూ సర్జన్లూ తేల్చలేకపోయిన లెక్క అది. దాన్ని ఆపరేషన్‌కు ముందు ఓ సాయంత్రం రోగి చేతిలో పెడుతున్నాం.

ఈ లెక్క ఎందుకు తేలలేదో చూడాలంటే టిష్యూ వాల్వును ఎలా చేస్తారో, ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేశారో చూడాలి. నా ఉద్దేశంలో రెండో సంగతే ముఖ్యం. ఈ వాల్వులు పశ్చిమ దేశాల్లో, వయసు మళ్లి వాల్వు గట్టిపడిపోయిన డెబ్బయ్యేళ్లవాళ్ల కోసం మెరుగుపడుతూ వచ్చాయి. మన ఆసుపత్రుల్లో ఆ మంచం మీద ఇరవై అయిదేళ్ల రోగి ఉంటే, అదే వాల్వు వేరే వాల్వుగా మారిపోతుంది.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏడాదికి మూడున్నర కోట్లకు పైమాటే. గుండెలోంచి రక్తం ఒంట్లోకి వెళ్లే ద్వారం దగ్గరుండే అయోర్టిక్ వాల్వుకు ఉన్న మూడు రెప్పలూ అన్నిసార్లూ తెరుచుకుని మూసుకోవాలి. రెప్ప మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అందులోనే మూడు పొరలు: ఒకవైపు బరువు మోసే కొల్లాజెన్ పీచు, రెండోవైపు సాగి మళ్లీ దగ్గరికొచ్చే ఎలాస్టిన్, నడుమ నీటిని పట్టుకుని ఆ రెండింటినీ ఒకదానిమీద ఒకటి జారనిచ్చే మెత్తటి పొర. వీటిలో బతికున్న కణాలు పాడైన పీచును తీసేసి కొత్తది అల్లుకుంటూ ఉంటాయి. ఎనభయ్యేళ్లు పనిచేసే వాల్వు రహస్యం దాని గట్టిదనంలో లేదు, ఈ మరమ్మతులో ఉంది. 1513 ప్రాంతంలో లియొనార్డో డావించి ఎద్దు గుండెను కోసి చూసి, రెప్పల వెనక సుడులు తిరిగే రక్తమే అవి మూసుకోవడానికి సాయపడుతుందని బొమ్మలు గీసి మరీ రాసుకున్నాడు. ఆ ఎద్దు గుండే తర్వాత ఈ కథలో ముడిసరుకు అయింది.

1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే సర్జన్, లొవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజినీరు కలిసి పంజరంలో బంతి ఆడే వాల్వు చేశారు. అది మనుషుల్ని బతికించింది. రక్తం గడ్డలనూ తెచ్చిపెట్టింది. రెండేళ్లకు లండన్‌లో డొనాల్డ్ రాస్, న్యూజిలాండ్‌లో బ్రయాన్ బారట్-బాయిస్ చనిపోయినవారి అయోర్టిక్ వాల్వులు తీసి రోగులకు అమర్చారు. వాటితో గడ్డల బాధ లేదు. కానీ మనిషి వాల్వులు కావలసినన్ని దొరకవు. దొరికేది ఏమిటి? కబేళాలో పంది గుండె. దాని అయోర్టిక్ వాల్వు పరిమాణంలోనూ ఆకారంలోనూ మనిషిదానికి దగ్గర.

1965లో పారిస్‌లో జాన్-పాల్ బినే, ఆలెన్ కార్పాంటియే బృందం పంది వాల్వును పాదరస లవణంతో శుద్ధిచేసి మనిషికి అమర్చింది. ఫలితాలు నిలబడలేదు. శరీరం ఆ కణజాలాన్ని పరాయిదిగా గుర్తుపట్టి లోపలికి కణాలను పంపి తినేసింది. కార్పాంటియే అక్కడ సర్జన్‌గా ఆగిపోకుండా రసాయన శాస్త్రం చదవడం మొదలుపెట్టాడు. 1960ల చివరికి ఆయన చేతికి వచ్చిన పదార్థం గ్లూటరాల్డిహైడ్. తోళ్ల పరిశ్రమలోనూ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసే కణజాలాన్ని చెడకుండా ఉంచడానికీ అప్పటికే వాడుకలో ఉన్న రసాయనం. ఇది కొల్లాజెన్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టిపడేస్తుంది. పచ్చితోలు చెప్పుతోలు అయినట్టే పచ్చి రెప్ప కుళ్లకుండా, కరగకుండా, శరీరానికి మునుపటంత పరాయిదిగా కనబడకుండా తయారవుతుంది. ఈ కొత్త వస్తువుకు బయోప్రోస్థెసిస్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. స్టార్‌కూ కార్పాంటియేకూ కలిపి 2007లో లాస్కర్ పురస్కారం ఇచ్చారు. ఇద్దరూ రెండు వైరి వాల్వులకు మూలపురుషులు కావడం దానికో చమత్కారం.

ఇచ్చిందీ గ్లూటరాల్డిహైడే, తీసుకున్నదీ అదే. రెప్పను నిలబెట్టాలంటే అందులోని కణాలను చంపాలి. చచ్చిన కణం తనలోకి చేరిన కాల్షియాన్ని బయటికి నెట్టలేదు. కణాల పొరల శిథిలాల్లో మిగిలిన ఫాస్ఫరస్‌తో ఆ కాల్షియం కలిసి గట్టి రేణువులుగా పేరుకుంటుంది. కట్టుబడకుండా మిగిలిన ఆల్డిహైడ్ కొనలు ఆ పనికి తోడ్పడతాయి. పైగా ఈ రసాయనం కొల్లాజెన్‌ను పట్టుకున్నట్టు ఎలాస్టిన్‌ను పట్టుకోదు, నడిమి పొరలోని నీటిని నిలిపే అణువులనూ పట్టుకోదు. అవి క్రమంగా కొట్టుకుపోతాయి. దాంతో పొరలు జారే గుణం పోతుంది. మరమ్మతు చేసే కణాలు ఎలాగూ లేవు. అందుకే టిష్యూ వాల్వులో "టిష్యూ" ఉన్నా ప్రాణం లేదు. కొత్తగా ఉన్నప్పుడే అది తన జీవితంలో అత్యుత్తమ స్థితిలో ఉంటుంది.

ఇక్కడినుంచి డిజైను చరిత్రంతా పాడవడాన్ని వెనక్కి నెట్టే ప్రయత్నమే. మొదట ఒత్తిడి పెట్టి రెప్పల్ని సాగదీసి రసాయనంలో ముంచేవారు. దానివల్ల కొల్లాజెన్‌లో సహజంగా ఉండే ముడతలు పోయి, కదిలినప్పుడల్లా పీచు విరిగే అవకాశం పెరుగుతోందని తెలిసి, ఒత్తిడి లేకుండానో చాలా తక్కువ ఒత్తిడితోనో శుద్ధిచేయడం నేర్చారు. పంది వాల్వులో కుడి రెప్ప మొదట్లో కండ ఉంటుంది, అది సరిగ్గా తెరుచుకోదు. దాన్ని తీసేసి మరో పంది వాల్వునుంచి మంచి రెప్పను తెచ్చి కుట్టారు.

పెద్ద మలుపు వేరేచోట వచ్చింది. 1971లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మారియన్ అయొనెస్కు అసలు వాల్వును వదిలేసి, పశువు గుండెను చుట్టి ఉండే సంచిలాంటి పొరను, అంటే పెరికార్డియాన్ని, తీసుకున్నాడు. అది గుడ్డలాంటి పలక. కావలసిన కొలతకు కత్తిరించి చట్రం మీద మూడు రెప్పలుగా కుట్టొచ్చు. పంది వాల్వుకన్నా బాగా తెరుచుకుంటుంది. ప్రకృతి చేసిన వాల్వును అరువు తెచ్చుకోవడం నుంచి, ప్రకృతి ఇచ్చిన బట్టతో వాల్వు కుట్టుకోవడానికి వచ్చిన మార్పు అది. మొదటి తరం పెరికార్డియం వాల్వులు రెప్పను చట్రం కొమ్మకు కట్టే కుట్టు దగ్గర చిరిగి అపకీర్తి తెచ్చుకున్నాయి. 1980ల ఆరంభంలో కార్పాంటియే పేరుతో వచ్చిన రెండో తరం వాల్వులో ఆ కుట్టును బరువు పడని చోటికి మార్చారు. పదార్థం దాదాపు అదే. మారింది ఎక్కడ ముడివేశారన్నదే. ఇవాళ్టికీ ఈ వాల్వుల్ని మైక్రోస్కోపు కింద చేతితోనే కుడుతున్నారు. దర్జీపనిలోని నైపుణ్యం ఇంజినీరింగులో ఎంత ఉందో ఈ కథే చెబుతుంది.

తయారైన వాల్వును ఎలా పరీక్షిస్తారు? వాల్వుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5840 ప్రకారం టిష్యూ వాల్వు యంత్రంలో 20 కోట్లసార్లు, మెటల్‌ది 40 కోట్లసార్లు తెరుచుకుని మూసుకుని నిలవాలి. అంటే సుమారు ఐదేళ్లు, పదేళ్ల పని. కొన్ని నెలల్లోనే ఇది పూర్తయ్యేలా యంత్రం వేగంగా కొట్టుకుంటుంది. బాగానే ఉంది, కానీ ఆ యంత్రంలో ఉండేది రక్తం కాదు. అక్కడ చిరుగుడు బయటపడుతుంది, కాల్షియం పేరుకోవడం బయటపడదు. దానికోసం లేత గొర్రెల్లో పెట్టి చూస్తారు, ఎదిగే జంతువులో కాల్షియం వేగంగా చేరుతుంది కాబట్టి. చిరుగుడుకు ఒక పరీక్ష, గట్టిపడటానికి మరో పరీక్ష. రెండూ కలిసి పదిహేనేళ్లు సాగే మనిషి గుండె మాత్రం ఏ పరీక్షశాలలోనూ లేదు.

లేత గొర్రెకు జరిగేదే లేత వయసు మనిషికీ జరుగుతుంది. డెబ్బయ్యేళ్ల మనిషిలో పదిహేను, ఇరవయ్యేళ్లు నడిచే వాల్వు పదిహేనేళ్ల పిల్లవాడిలో కొన్నేళ్లకే బిగుసుకుపోవచ్చు. చిన్నవయసులో కాల్షియం కదలిక ఎక్కువ, రోగనిరోధక వ్యవస్థ చురుకు ఎక్కువ. పంది, పశువుల కణజాలంలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మనిషిలో లేదు. మన రక్తంలో తిరిగే యాంటీబాడీల్లో సుమారు ఒక శాతం దీనిమీద గురిపెట్టినవే. గ్లూటరాల్డిహైడ్ దీన్ని కప్పిపుచ్చుతుందేగానీ తీసెయ్యదు. 2020 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆల్ఫా-గాల్ లేకుండా జన్యువు మార్చిన పందులకు అనుమతి ఇచ్చాక, వాటి కణజాలంతో వాల్వులు చేయాలన్న ఆలోచన ఊపందుకుంది.

పశ్చిమ దేశాల మార్గదర్శకాలు ఈ వయసు తేడాను అంకెల్లో పెట్టాయి. అమెరికాలో 2020 నాటి సూచనల ప్రకారం అయోర్టిక్ వాల్వుకు 50 లోపువారికి మెటల్, 65 దాటినవారికి టిష్యూ వైపు మొగ్గు, నడుమనున్నవారికి మాట్లాడుకుని నిర్ణయం. 2017లో కాలిఫోర్నియా రోగుల వివరాలతో వచ్చిన పెద్ద అధ్యయనం, గుండె ఎడమవైపు రెండు గదుల నడుమనుండే మైట్రల్ వాల్వు విషయంలో మెటల్‌కు ఉన్న మేలు 70 ఏళ్ల వయసు దాకా, అయోర్టిక్‌లో 55 దాకా కనబడిందని చెప్పింది. మైట్రల్‌కు ఆ తేడా ఊరికే రాలేదు. గుండె గట్టిగా నొక్కినప్పుడు మూసుకుని నిలవాల్సింది మైట్రల్ వాల్వే. దాని రెప్పల మీద పడే ఒత్తిడి ఎక్కువ.

ఇప్పుడు మన సంగతి. గొంతునొప్పితో మొదలై కీళ్లనొప్పులుగా కనబడి వెళ్లిపోయే రుమాటిక్ జ్వరం, కొన్నేళ్లకు గుండె వాల్వును పట్టుకుంటుంది. ఎక్కువగా పట్టేది మైట్రల్‌నే. పట్టేది పిల్లల్నీ యువకుల్నీ, వాళ్లలోనూ పేదల్ని. అంటే టిష్యూ వాల్వుకు అన్నిటికన్నా గిట్టని రెండు సంగతులూ, లేత వయసూ మైట్రల్ స్థానమూ, ఒకే మనిషిలో కలుస్తున్నాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం దేశీయ వాల్వుకు పూనుకున్నప్పుడు మెటల్ పంజరం, ప్లాస్టిక్ బిళ్ల దారి పట్టడం అందుకే సహజంగా కనబడుతుంది. ముందటి నమూనాలు విఫలమయ్యాక నిలిచిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. తర్వాత లక్షకు పైగా గుండెల్లోకి వెళ్లింది. విదేశీ వాల్వుకన్నా చవక. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, వాల్వు మార్పిడి డబ్బున్నవాళ్ల ఆపరేషన్‌గా మాత్రమే మిగిలిపోలేదు.

కానీ ఆపరేషన్ ఉచితమైనంత మాత్రాన తర్వాతి ముప్పయ్యేళ్లు ఉచితం కావు. రక్తం పలచబరిచే మందు మోతాదులు తప్పుతూ ఉంటే వాల్వు మీద రక్తం గడ్డకట్టి అది బిగుసుకుపోవచ్చు. ఎక్కువైతే మెదడులో రక్తస్రావం. పరీక్ష చేసే ల్యాబు మండల కేంద్రంలో ఉండకపోవచ్చు, కూలి పోగొట్టుకుని బస్సెక్కాలి. తోటకూర, పాలకూర మానెయ్యమని చెప్పడం ఇంకో పొరపాటు. ఆకుకూరలు రోజూ ఒకే పాళ్లలో తింటే మోతాదును దానికి తగ్గట్టు సరిచేయొచ్చు, మార్చి మార్చి తింటేనే చిక్కు. గర్భం విషయం మరీ కష్టం. రక్తం పలచబరిచే ఈ వార్ఫరిన్ జాతి మందులు బిడ్డదాకా చేరతాయి. మొదటి నెలల్లో బిడ్డ ఎముకల ఎదుగుదలను చెడగొట్టగలవు. మానేస్తే తల్లి ప్రాణానికి ప్రమాదం. అందుకే పాడవుతుందని తెలిసీ, పిల్లలు కావాలనుకునే యువతికి టిష్యూ వాల్వు పెట్టి, రెండో ఆపరేషన్‌ను తర్వాతికి వాయిదా వేసే సర్జన్లు ఉన్నారు. నాకది లోపభూయిష్టమైన నిర్ణయంగా అనిపించదు. చేతిలో ఉన్న రెండు లోపభూయిష్టమైన వస్తువుల్లో నిజాయితీగా ఎంచుకున్న ఒకటి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "టిష్యూ" అన్న మాట వెనక పందో పశువో ఉందని మన రోగుల్లో చాలామందికి ఎవరూ విప్పిచెప్పరు. తెలిస్తే కొందరు వద్దనొచ్చు, చాలామంది ఫర్వాలేదనొచ్చు. రెండూ వాళ్ల హక్కే. సంతకం పెట్టించుకునే కాగితంలో ఆ ఒక్క వాక్యం తెలుగులో రాయడానికి ఖర్చేమీ కాదు.

ఈలోగా ఛాతీ కొయ్యకుండా వాల్వు పెట్టే దారి తెరుచుకుంది. 1989లో డెన్మార్క్‌లో హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ పంది వాల్వును ముడుచుకునే తీగ చట్రంలో కుట్టి, రక్తనాళం గుండా మరో పంది గుండెకు చేర్చాడు. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ పశువు మెడ సిరలోని వాల్వును ఓ పిల్లవాడి ఊపిరితిత్తుల నాళంలో అలాగే అమర్చాడు. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో ఆలెన్ క్రిబియే ఆపరేషన్‌కు ఎవరూ ఒప్పుకోని రోగికి అయోర్టిక్ వాల్వు పెట్టాడు. టావి పేరుతో ఇప్పుడు మన నగరాల్లోనూ జరుగుతున్నది ఇదే. గుజరాత్‌లోని వాపీలో మెరిల్ సంస్థ చేసే మైవాల్ కూడా పశువు పెరికార్డియంతోనే. దాని ప్రత్యేకత మామూలు కొలతల నడుమ మరికొన్ని కొలతలు చేర్చడం. పేరున్న విదేశీ వాల్వులతో పోల్చిన లాండ్‌మార్క్ పరీక్షలో తొలి నెల ఫలితాల్లో అది వాటికి తీసిపోలేదని 2024లో తేలింది.

టావి డిజైనర్ల ముందున్న లెక్కనే మార్చేసింది. గొట్టంలో పట్టేలా పెరికార్డియం పలచగా ఉండాలి, మడిచి నొక్కాలి. ఆ నొక్కుడులో పీచు దెబ్బతింటుంది. అయినా పాడైతే లోపల ఇంకోటి పెట్టొచ్చన్న ధీమా ఉంది. ఎనభయ్యేళ్లవారికి ఆ ధీమా చాలు. లోపల ఇంకోటి, దాని లోపల మరోటి పెడుతూ పోతే రక్తం పోయే దారి ప్రతిసారీ ఇరుకవుతుంది. ముప్పయ్యేళ్ల మనిషికి ఆ ఇరుకులో ఇంకా నలభయ్యేళ్లు గడవాలి. ఈ సంగతిని ప్రచార పత్రాలు చిన్న అక్షరాల్లో కూడా రాయవు.

మరి బతికున్న వాల్వును చేయలేమా? ఈ ఆశకు అన్నిటికన్నా చేదు అనుభవం వియన్నాది. కణజాలంలోంచి కణాలన్నీ కడిగేసి, పీచు చట్రాన్ని మాత్రం ఉంచితే, రోగి సొంత కణాలు వచ్చి అందులో కాపురం పెడతాయన్నది ఊహ. గొర్రెల్లో అలాగే జరిగింది. 2001లో అలా కడిగిన పంది వాల్వుల్ని నలుగురు పిల్లలకు అమర్చారు. ముగ్గురు చనిపోయారు. ఒకరు వారానికి, ఒకరు ఆరు వారాలకు, ఒకరు ఏడాదికి. నాలుగో బిడ్డకు ముందుజాగ్రత్తగా తీసేశారు. తీసిన వాల్వుల్లో సొంత కణాల కాపురం లేదు, తీవ్రమైన వాపు ఉంది. గొర్రె శరీరంలో ఆల్ఫా-గాల్ సహజంగానే ఉంటుంది, కాబట్టి దానికి పంది కణజాలంలోని ఆ చక్కెర పరాయిది కాదు. మనిషికి పరాయిది. గొర్రె ఇచ్చిన అభయాన్ని మనిషికి వర్తింపజేయకూడదని అందరికీ తెలిసిన నియమమే. అయినా దానికి ముగ్గురు పిల్లల ప్రాణాలు మూల్యమయ్యాయి.

తర్వాత జాగ్రత్త పెరిగింది. జర్మనీలోని హానోవర్ బృందం జంతువును వదిలి, దాతలిచ్చిన మనిషి వాల్వుల్నే కడిగి వాడింది. 2002లో మోల్డోవాలో మొదలైన ఆ పని మెరుగైన ఫలితాలిచ్చింది. దాతల కొరత మాత్రం రాస్ కాలంనాటిదే. కణాల్ని ప్రయోగశాలలో పెంచి వాల్వు అల్లే పనిని బోస్టన్ బృందం 1990ల్లో గొర్రెపిల్లల మీద మొదలుపెట్టింది. అక్కడ ఎదురైన చిక్కు విచిత్రమైనది. కణాలు బతికి బట్టకడితే అవి ఊరుకోవు, గాయం మానేటప్పటిలా కుంచించుకుంటాయి. రెప్పలు పొట్టివై వాల్వు కారుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ట్రాంక్విలో బృందం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. కణాలతో గొట్టాలు అల్లించి, ఆ కణాల్ని కడిగేసి, మిగిలిన మూడు గొట్టాల్ని కలిపి కుట్టి వాల్వు చేసింది. 2021లో ప్రకటించిన ఫలితాల్లో ఆ వాల్వు గొర్రెపిల్లలతోపాటు ఏడాదిపాటు ఎదిగింది.

ఎదగడం అన్నదే పిల్లల విషయంలో అసలు కొలమానం. 2022లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ట్యూరెక్ బృందం దాత గుండెలోంచి వాల్వులున్న భాగాన్ని మాత్రం, అందులోని కణాలు బతికుండగానే తీసి నవజాత శిశువుకు అమర్చింది. బిడ్డతోపాటు ఆ వాల్వులూ ఎదిగాయి. ఇందులో కొత్త పదార్థం ఏదీ లేదు. రాస్ 1962లో చేసిందానికి ప్రాణం కలిపారు, అంతే. దానికి బదులుగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. కనీసం ఆ పాత లెక్కలోకి మరమ్మతు చేసుకునే కణం తిరిగి వచ్చింది.

మార్కెట్లో మాత్రం నడుస్తున్నది చచ్చిన కణజాలాన్ని ఇంకా బాగా చంపే పనే. ఎడ్వర్డ్స్ సంస్థ రెసిలియా అనే పెరికార్డియంలో మిగిలిన ఆల్డిహైడ్ కొనల్ని మూసేసి, గ్లిసరాల్‌తో ఆరబెట్టి, ద్రావణం అక్కర్లేకుండా పొడిగా నిల్వచేస్తుంది. అయోర్టిక్ స్థానంలో దీన్ని పరీక్షించిన కామెన్స్ అధ్యయనంలో ఏడేళ్లకు రెప్పలు పాడైన కేసులు ఒక శాతంలోపే. ఆశ కలిగించే అంకె. కాకపోతే ఆ రోగుల సగటు వయసు 65 దాటింది, వాళ్లది అయోర్టిక్ వాల్వు. ఇంకోవైపు జంతువును పూర్తిగా పక్కనబెట్టి పాలిమర్ రెప్పలతో వాల్వు చేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఫోల్డాక్స్ అనే అమెరికన్ సంస్థ అలాంటి మైట్రల్ వాల్వును మన దేశంలోని రోగుల్లో, రుమాటిక్ జబ్బుపడ్డవారితో సహా, పరీక్షించింది. నాకు అందులో నచ్చింది ఆ పాలిమర్ కన్నా ఆ రోగుల ఎంపిక. ఏడేళ్ల అంకెలు, పదిహేనేళ్ల అంకెలు రావాల్సింది వీళ్లనుంచే: ముప్పయ్యేళ్లు నిండని, మైట్రల్ వాల్వు పోయిన, పీటీ-ఐఎన్ఆర్ కోసం బస్సెక్కాల్సిన మనుషులనుంచి. అలాంటి రోగుల్ని ఏళ్లతరబడి వెంటబెట్టుకుని లెక్కరాసే రిజిస్ట్రీని ఏ కొత్త పదార్థం కోసమూ ఎదురుచూడకుండా ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఆరోగ్యశ్రీ కింద ఏ వాల్వు ఎవరికి, ఏ వయసులో పెట్టారన్న కాగితాలు ఆసుపత్రుల్లో ఎలాగూ ఉండి తీరాలి.